ముందటి ఏడాది కన్నా తక్కువ అంకె చూపించే తొలి మే నెల: ఆనాటి లోకం ఎలా ఉంటుంది?

#1 పగటిచుక్క

హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలుస్తున్నారు. చార్లెస్ డేవిడ్ కీలింగ్ మొదలుపెట్టిన నాడు అది సుమారు 315 పీపీఎం, అంటే గాలిలోని పది లక్షల అణువుల్లో 315. ఇప్పుడు 420 దాటిపోయింది. ఆ గ్రాఫును దగ్గరగా చూస్తే రంపపు పళ్ళలా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో చెట్లు ఆకులు వేసే కాలంలో గాలిలోని కార్బన్‌ని లాక్కుంటాయి, అంకె దిగుతుంది. ఆకులు రాలి కుళ్ళే కాలంలో మళ్ళీ ఎక్కుతుంది. ఏటా మే నెలలో శిఖరం, సెప్టెంబరు చివర్లో అడుగు. కానీ ఏటికేడు ఆ శిఖరం ఇంకొంచెం పైకి జరుగుతూనే ఉంది.

ఒక మే నెలలో ఆ అంకె ముందటి మే కన్నా తగ్గిందనుకుందాం. ఏ అగ్నిపర్వతం వల్లో, ఆర్థిక మాంద్యం వల్లో కాదు. మనుషులు పూనుకుని తగ్గించడం వల్ల. ఆనాటి లోకం ఎలా ఉంటుందో ఎవరి రంగం నుంచి వాళ్ళు రాయండి. నియమం ఒక్కటే: ఇవాళ ఎక్కడో ఒకచోట నిజంగా జరుగుతున్న పని మీదే ఆ ఊహ నిలబడాలి.

నేను పాఠాలు చెప్పేదాన్ని. ప్రళయం ఎలా వస్తుందో పిల్లలు గడగడా చెప్పేస్తారు. గెలిస్తే ఎలా ఉంటుందంటే మాత్రం నోరు మెదపరు. వాళ్ళకి ఆ బొమ్మ ఎవరూ చూపించలేదు. అది నన్ను చాలా బాధపెడుతోంది.

#2 లెక్కలపుస్తకం

మంచి చర్చ మొదలుపెట్టారు. ముందుకు పోయేలోపు ఒక తేడా చెప్పుకోవాలి. ఆ అంకె దిగడం, భూమి వేడెక్కడం ఆగడం, ఈ రెండూ ఒకేసారి జరగవు.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు సగాన్ని సముద్రాలు, అడవులు, నేల తీసేసుకుంటున్నాయి. కాబట్టి ఉద్గారాలు సగానికి మించి పడిపోతే గాలిలో అంకె దిగడం మొదలవుతుంది. వేడి పెరగడం ఆగాలంటే మాత్రం ఉద్గారాలు నికరంగా సున్నాకి రావాలి, అంటే వదిలినంతా తిరిగి తీసేసే స్థితికి. పగటిచుక్క గారు అడిగిన మే నెల అంటే సగం దారి దాటిన రోజన్నమాట.

సున్నాకి వచ్చాక ఏమవుతుందన్నది చాలామందికి తెలియదు. "ఇప్పటికే వదిలిన పొగతోనే ఇంకా దశాబ్దాల పాటు వేడి పెరుగుతూనే ఉంటుంది, ఇక ఏం చేసినా దండగే" అని నలుగురూ అనుకునే మాట నిజం కాదు. కార్బన్ డయాక్సైడ్ విడుదల నికరంగా సున్నా అయితే భూమి సగటు ఉష్ణోగ్రత ఆ తర్వాత పెద్దగా పెరగదు, దాదాపు అక్కడే నిలబడుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నివేదిక కూడా ఈ మాటే చెబుతోంది. అంటే పగ్గాలు ఇంకా మన చేతిలోనే ఉన్నాయి.

రెండో వైపు కూడా చెప్పాలి. నిలబడిన వేడి దానంతట అది దిగిపోదు, శతాబ్దాలు పడుతుంది. సముద్రమట్టం కూడా శతాబ్దాల పాటు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి మనం ఊహించే లోకం మన తాతల నాటి లోకం కాదు. గాయమైంది, రక్తం కారడం ఆగింది. అక్కడి నుంచి ఊహించుకుందాం.

#3 ఉత్తరగాలి

నేను కరెంటు గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాను. మా టెన్షన్ అంతా సాయంత్రమే. పొద్దు వాలుతుంటుంది, తెర మీద సౌరవిద్యుత్ గీత జారిపోతుంటుంది. సరిగ్గా అదే సమయానికి జనం ఇళ్ళకు చేరి లైట్లు, ఏసీలు, పొయ్యిలు వేస్తారు. ఇటు సరఫరా తగ్గుతూ, అటు వాడకం పెరుగుతూ ఉంటే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, కిందికి లాగుతుంది. అది గీత దాటితే ఎక్కడో ఒకచోట కోత పెట్టాల్సిందే. ఆ రెండు మూడు గంటల కోసమే బొగ్గు యూనిట్లను పగలంతా మండిస్తూ ఉంచుతారు. ఒకసారి చల్లబడితే మళ్ళీ దారికి తేవడానికి గంటలు పడుతుంది మరి.

బ్యాటరీకి ఆ బాధ లేదు. అడిగిన సెకనులోపే కరెంటు ఇస్తుంది. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం కాసేపు గ్రిడ్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. మధ్యాహ్నం ఎండని దాచి సాయంత్రానికి వడ్డించాయి. గ్యాస్ కన్నా, జలవిద్యుత్ కన్నా అవే ఎక్కువ ఇచ్చాయి. మా పనిలో ఉన్నవాళ్ళకి అది ఎంత పెద్ద వార్తో చెప్పలేను.

ఇంకో లెక్క చూడండి. బెల్ ల్యాబ్స్ సిలికాన్ సౌరఘటాన్ని చూపించింది 1954లో. ప్రపంచం మొత్తం మీద సౌరవిద్యుత్ సామర్థ్యం మొదటి టెరావాట్‌కి (లక్ష కోట్ల వాట్లకి) చేరింది 2022లో. రెండో టెరావాట్ 2024లోనే పూర్తయింది. అరవై ఎనిమిదేళ్ళ పని రెండేళ్ళకి దిగింది. 2025 మొదటి ఆరు నెలల్లో సౌర, పవన, జల విద్యుత్ వంటివన్నీ కలిసి ప్రపంచంలో బొగ్గు కరెంటుని దాటాయి. బొగ్గు కరెంటుని మొదలుపెట్టిన బ్రిటన్ (లండన్‌లో, 1882) తన చివరి బొగ్గు కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేసింది.

ఇక నా ఊహ. ఆ మే నెలలో సాయంత్రం షిఫ్టు మిగతా షిఫ్టుల లాంటిదే. కరెంటు కార్లు పార్కింగ్‌లో ఉండి గ్రిడ్‌కి కాస్త కరెంటు తిరిగి ఇస్తుంటాయి. కొత్తగా చేరినవాళ్ళకి సాయంత్రమంటే అంత హడావిడి ఎందుకు ఉండేదో పాత లాగ్‌బుక్కులు చూపించి చెప్పాల్సి వస్తుంది.

#4 సందేహి

చదవడానికి బాగున్నాయి. కానీ పారిశ్రామిక యుగానికి ముందటితో పోలిస్తే భూమి వేడి పెరుగుదల 2024లోనే ఏడాది సగటున 1.5 డిగ్రీలు దాటింది కదా. 2 డిగ్రీలకి పగడపు దిబ్బల్లో 99 శాతానికి పైగా పోతాయని 2018లోనే ఐపీసీసీ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది ఈ చర్చ. నాకు కోపం లేదు, అలసట ఉంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి వాతావరణ సదస్సులోనూ "చివరి అవకాశం" అనే మాటే వింటున్నాను.

ఇంకొకటి. బ్యాటరీలంటున్నారు. కాంగోలో కోబాల్ట్ గనుల్లో పిల్లల చేత పని చేయించి తెచ్చిన లోహంతో కట్టిన లోకాన్ని గెలుపు అని నేను అనలేను.

#5 లెక్కలపుస్తకం

సందేహి గారూ, మీ అలసట నాకు అర్థమవుతుంది. 1.5 అనేది దాటితే లోయలో పడిపోయే అంచు కాదండీ. ఒక్క ఏడాది దాటడం, దీర్ఘకాల సగటు దాటడం కూడా ఒకటి కాదు. సరే, సగటు కూడా దాటుతుందనే అనుకుందాం. నిండా మునిగినవాడికి చలేమిటన్న మాట ఇక్కడ అస్సలు పనికిరాదు. 1.7కీ 1.9కీ మధ్య లక్షల మంది బతుకులున్నాయి. 2015లో ప్యారిస్ వాతావరణ ఒప్పందం నాటికి ఈ శతాబ్దం చివరికి మూడున్నర, నాలుగు డిగ్రీలన్న అంచనాలుండేవి. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలతో 2.8 అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2025 నివేదిక చెప్పింది. 2.8 ఘోరమే, కాదనను. కానీ ఆ తగ్గిన డిగ్రీ ఎవరో దయతలిస్తే తగ్గలేదు. మీరు విని విసిగిపోయిన ఆ సదస్సుల్లో, వాటి బయట, లక్షల మంది పట్టుబట్టి తగ్గించారు.

#6 లోహకారి

గనుల మాట కొంత నేను చెప్తాను, లోహాలతోనే నా పని.

పిల్లలతో పని చేయించడం మీద మీ కోపం న్యాయమైనది. అది ఆగకపోతే ఈ గెలుపుకి మచ్చే. ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీల్లో కోబాల్టూ నికెలూ రెండూ ఉండవు, ఇవాళ ప్రపంచంలో చాలా కరెంటు కార్లు వాటితోనే నడుస్తున్నాయి. ఏటా 800 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వి కాల్చేస్తున్నాం. వచ్చే ఏడాదికి మళ్ళీ అంతా తవ్వాలి. లిథియం కాలిపోదు. పాత బ్యాటరీని కరిగించి కొత్తది చేసుకోవచ్చు. ఏదో ఒకనాటికి కొత్త గనుల అవసరం బాగా తగ్గిపోయే దారి లోహాలకుంది, బొగ్గుకి లేదు.

ఇప్పుడు నా ఊహ. ఉక్కు. ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో సుమారు 7 శాతం ఒక్క ఉక్కు నుంచే. ఇనుప ఖనిజమంటే ఇనుము, ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని ఉన్న రాయి. ఆ ఆక్సిజన్‌ని ఊడబెరకడమే మా పని అంతా. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పని బొగ్గు నుంచి చేసిన కోక్ చేస్తుంది, ఆక్సిజన్‌ని తనతో కలుపుకుని కార్బన్ డయాక్సైడ్‌గా పైకి పోతుంది. టన్ను ఉక్కుకి దాదాపు రెండు టన్నులు. కోక్ బదులు హైడ్రోజన్ పంపితే ఆక్సిజన్ దానితో కలిసి నీటి ఆవిరిగా బయటికి వస్తుంది. ఇనుము కరగదు, బొరియలు బొరియలుగా, బూడిదరంగు గుళికలుగా చేతికొస్తుంది. దాన్ని కరెంటు కొలిమిలో కరిగిస్తారు. స్వీడన్‌లో హైబ్రిట్ అనే ప్రాజెక్టు 2021లో ఇలా చేసిన ఉక్కుని తొలిసారి కొనుగోలుదారుకి అందించింది. ఖర్చు ఇంకా ఎక్కువే, హైడ్రోజన్ చౌకగా దొరకాలి, కొన్ని కంపెనీలు మొదలుపెట్టి వెనక్కి తగ్గాయి కూడా. అయినా రసాయనశాస్త్రం వరకు ప్రశ్నకి జవాబు దొరికేసింది.

ఆ మే నెలలో ఉక్కు కర్మాగారం గేటు దగ్గర నిలబడితే చిమ్నీ నుంచి తెల్లని ఆవిరి కనబడుతుంది. అది నిజంగానే ఆవిరి. గేటు బయట ఆరేసిన బట్టల మీద మసి పడదు. ఇంతకాలం మసి పీల్చిన కార్మికుడికి అది ఎంత పెద్ద మార్పో, బయటినుంచి చూసేవాళ్ళు ఊహించుకోలేరు.

సిమెంటు సంగతి అడగకండి, అది ఇంకా కష్టం. సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం మార్చినా సగానికి పైగా మిగిలే ఉంటుంది.

#7 తెల్లకోటు

నేను ఊపిరితిత్తుల వార్డులో నర్సుని. మీరంతా గ్రాఫులు చూస్తున్నారు. నేను మంచాలు చూస్తాను.

వాయు కాలుష్యం వల్ల ఏటా సుమారు 70 లక్షల మంది ముందుగానే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పెద్ద వాటా ఏదో ఒకటి కాల్చడం వల్ల వచ్చేదే. బొగ్గు, డీజిల్, కట్టెలు. కార్బన్ తగ్గితే వాతావరణం కుదుటపడటానికి ఏళ్ళు పడుతుంది కానీ పొగ తగ్గితే ఊపిరి ఆ వారమే తేలికవుతుంది. ఈ పోరాటంలో మొదటి ఫలితం అందేది మా వార్డులోనే. ఎందుకో ఎవరూ దీన్ని గట్టిగా చెప్పరు.

ఆస్తమా ఉన్న పిల్లాడు రాత్రి ఎలా ఉంటాడో తెలుసా? పడుకోలేడు. మంచం మీద ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుంటాడు. మెడ దగ్గర గుంట లోపలికి పోతుంటుంది ప్రతి శ్వాసకీ. మాట్లాడమంటే ఒక్కో మాట విడివిడిగా వస్తుంది. నా ఊహలో ఆ మే నెల రాత్రి డ్యూటీలో అలాంటి మంచాలు సగం ఖాళీ. అంతే. నాకు అది చాలు.

#8 చిరుజల్లు

నేను ఇంటర్ చదువుతున్నాను. మా వయసు వాళ్ళకి ఇలాంటివి ఎవరూ చెప్పరు, నిజంగా. ఒక ప్రశ్న: గాలిలోంచి కార్బన్‌ని పీల్చేసే మెషీన్లు వచ్చేస్తున్నాయట కదా, వాటితో మొత్తం వెనక్కి లాగేయొచ్చా?

#9 లెక్కలపుస్తకం

ఐస్‌లాండ్‌లో 2024లో మొదలైన మామత్ అనే ప్లాంటు పూర్తి సామర్థ్యం ఏడాదికి 36,000 టన్నులు. ప్రపంచం ఇంధనాలు కాల్చి ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. భాగించి చూడు తమ్ముడూ. ఆ ప్లాంటు ఏడాదంతా చేసే పని మనం అర నిమిషంలో వదిలేదానికి సమానం. ఆ యంత్రాలు వద్దని కాదు. లోహకారి గారు చెప్పిన సిమెంటు లాంటి మొండి మిగుళ్ళని తుడవడానికి చివర్లో అవి కావాలి. ఇప్పుడు కాల్చడం ఆపకుండా ఉండటానికి అవి సాకు కాకూడదు.

సహజవాయువులో ఉండే మీథేన్‌ని తగ్గిస్తే మాత్రం వెంటనే ఫలితం ఉంటుంది. అది గాలిలో సగటున పన్నెండేళ్ళే ఉంటుంది, కానీ ఇరవై ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కారే గ్యాస్ పైపులు బిగించడం లాంటి పనులకి కొత్త విజ్ఞానం ఏదీ అక్కర్లేదు.

#10 నేలవాసన

అందరూ యంత్రాల గురించే రాస్తున్నారు. నేల గురించి నేను రాస్తాను.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో ఉత్తర ప్రాంతంలో యాకూబా సవడోగో అనే రైతు ఉండేవాడు. 1980ల మొదట్లో కరువుకి జనం ఊళ్ళు వదిలిపోతుంటే అతను ఉండిపోయాడు. అక్కడి పాత పద్ధతి ఒకటుంది, జాయ్ అంటారు. ఎండాకాలంలో గట్టిపడిపోయిన నేలలో జానెడు వెడల్పు గుంతలు వరసగా తవ్వడం. అతను వాటిని ఇంకాస్త పెద్దవి, లోతువి చేసి ఎరువు వేశాడు. ఎరువు కోసం చెదలు వచ్చాయి. చెదలు నేలలో సన్నని సొరంగాలు తవ్వాయి. తొలి వాన పడినప్పుడు నీళ్ళు పైపైన జారిపోకుండా ఆ సొరంగాల గుండా లోపలికి ఇంకాయి. రాయిలాంటి నేలలో పంట పండింది. ఎరువులో ఉన్న గింజల నుంచి చెట్లు లేస్తే పీకెయ్యకుండా వదిలేశాడు. అది అడవైంది. మొదట్లో పిచ్చివాడన్నారు. 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023లో చనిపోయాడు.

పక్కనే ఉన్న నైజర్‌లో రైతులు నరికిన మోడుల నుంచి వచ్చే చిగుళ్ళని కాపాడుకుంటూ సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లు తిరిగి తెచ్చారు. మొక్కలు నాటింది చాలా తక్కువ. నేలకింద వేళ్ళు బతికే ఉన్నాయి, వాటిని బతకనిచ్చారు, అంతే. ఫొటోలు దిగి మర్నాడు మర్చిపోయే మొక్కల పండగలకీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. కోస్టారికాలో కూడా 1980లలో పాతిక శాతం దగ్గరికి పడిపోయిన అడవి మళ్ళీ దేశంలో సగానికి పైగా విస్తరించింది. 1990ల నుంచి అడవిని నిలబెట్టినందుకు భూమి యజమానులకి ప్రభుత్వమే డబ్బు ఇస్తోంది.

నా ఊహలో ఆ మే నెల గ్రాఫు గీత దిగడంలో ఆ వేళ్ళ వాటా కూడా ఉంటుంది.

#11 సందేహి

తెల్లకోటు గారు రాసింది రెండుసార్లు చదివాను. నేలవాసన గారిది కూడా. నా ప్రశ్న మాత్రం పోలేదు. ధనికులు చేసిన పాపానికి శిక్ష ఎవరికి పడుతోంది? ఆఫ్రికా ఖండమంతా కలిపి ఇప్పటిదాకా వదిలింది ప్రపంచ మొత్తంలో 4 శాతం లోపే. తిలా పాపం తలా పిడికెడు అని అందరి నెత్తినా సమానంగా రుద్దితే అది న్యాయమా? సవడోగో లాంటివాళ్ళు తమ గుంతలు తామే తవ్వుకోవాల్సి వచ్చింది కదా.

#12 న్యాయదీపం

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. న్యాయం లేకపోతే ఆ మే నెల రానే రాదని నా నమ్మకం. తమకి అన్యాయం జరిగిందనుకునే వాళ్ళు సంతకాలు పెట్టరు.

2019లో పసిఫిక్ దీవుల లా విద్యార్థులు కొందరు తరగతి గదిలో మొదలుపెట్టిన ప్రయత్నం ఒకటుంది. వాతావరణం విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానం చేతే చెప్పించాలని. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నని కోర్టుకి పంపింది. 2025 జూలై 23న కోర్టు అభిప్రాయం వచ్చింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం దాకా వెళ్ళవచ్చు అని. అది సలహా అభిప్రాయమే, తీర్పులా కట్టిపడేయదు. అయినా ఇకమీద ఏ దేశపు కోర్టులోనైనా లాయర్లు దాన్ని చేతిలో పట్టుకునే లేస్తారు. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన పేద దేశాలకి సాయపడే నిధికి ఒప్పుకున్నారు. అందులో పడిన డబ్బు అవసరంతో పోలిస్తే ఏమూలకీ చాలదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట ఎత్తితేనే తలుపు మూసేసేవారు.

ఓజోన్ సంగతి గుర్తు చేసుకోండి. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పల్చబడిందని పరిశోధన పత్రం వచ్చింది, 1987లో ఆ పొరని తినేసే రసాయనాలని ఆపడానికి మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. అది నిలబడటానికి ఒక కారణం, పేద దేశాలకి ఎక్కువ గడువు ఇవ్వడం, 1990 నుంచి వాటి ఖర్చు కోసం ప్రత్యేక నిధి పెట్టడం. ప్రపంచంలో ప్రతి దేశమూ అందులో చేరింది. అంటార్కిటికా మీద కూడా 2066 నాటికి పొర 1980 స్థాయికి కోలుకుంటుందని శాస్త్రవేత్తల అంచనా. బొగ్గు, చమురు దానికన్నా ఎన్నో రెట్లు పెద్ద వ్యవహారం, నిజమే. నిధి పెట్టి, గడువులు ఇచ్చి, అందరినీ కూర్చోబెట్టే పద్ధతి మాత్రం అప్పుడే పరీక్షకి నిలబడింది.

#13 సందేహి

సరే. విద్యార్థుల సంగతి నాకు ఇదివరకు తెలియదు. ఆ కోర్టు అభిప్రాయం చదువుతాను.

నా వంతు ఊహ కూడా రాస్తాను మరి. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం చచ్చిపోయిందని ప్రకటించి, 2019 ఆగస్టులో అక్కడ ఒక ఫలకం పెట్టారు. ఏం జరుగుతోందో, ఏం చేయాలో మాకు తెలుసు, చేశామో లేదో మీకే తెలియాలి అని భవిష్యత్తు మనుషులకి రాశారు. కింద 415 పీపీఎం అని వేశారు. గెలిచిన లోకంలో కూడా అలాంటి ఫలకాలు చాలా ఉండాలని నేను కోరుకుంటాను. పోయిన పగడపు దిబ్బలకి, మునిగిన దీవులకి, ఎండకి చచ్చిపోయిన కూలీలకి. వాళ్ళని మర్చిపోయి చేసుకునే పండగలో నేను ఉండను. వాళ్ళ పేర్లు చదివే పండగైతే ముందు వరసలో కూర్చుంటాను.

#14 పగటిచుక్క

సందేహి గారూ, ఇది మా క్లాసులో చదివి వినిపిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే. నేను రాసుకున్న పాఠంలో సంతోషమే ఉంది, ఆ పేర్లకి చోటు లేదు. చేర్చాలి.

#15 చిరుజల్లు

అందరికీ థాంక్సండీ. ఇంకొక్క ప్రశ్న అడిగి వెళ్తాను. ఇందులో నేనూ పనిచేయాలంటే ఏం చదవాలి? ఇంట్లోవాళ్ళు సాఫ్ట్‌వేర్ అంటున్నారు.

#16 ఉత్తరగాలి

సాఫ్ట్‌వేర్ అయినా పనికొస్తుంది తమ్ముడూ, గ్రిడ్ ఇప్పుడు సగం దాని మీదే నడుస్తోంది. కానీ నన్నడిగితే ఎలక్ట్రికల్ తీసుకో. ప్రపంచమంతా సౌర ప్లాంట్లు కట్టేసి లైన్లు లేక, ట్రాన్స్‌ఫార్మర్లు దొరక్క ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నాయి. వాటిని డిజైన్ చేసేవాళ్ళు, టవర్లెక్కి తీగలు బిగించేవాళ్ళు చాలామంది కావాలి. లోహాలంటే ఇష్టముంటే లోహకారి గారిని అడుగు. సబ్‌స్టేషన్‌లో ఏమేం ఉంటాయో, ఏది ఎందుకో వివరిస్తూ ఈ ఆదివారం వేరే చర్చ మొదలుపెడతాను. ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదలుపెడదాం. నీ ప్రశ్నలన్నీ అక్కడ అడుగు.